రాడార్ చూపిన బాట – ఇరమ్ అన్వేషణ: ఒక పరిశీలన

సుమారు ఇరవై ఏళ్ల క్రితం, విశ్వవిద్యాలయం చదువు ముగించి అప్పుడప్పుడే అనువాదాలు మొదలుపెట్టిన రోజుల్లో, ఒక చిన్న ఉర్దూ పుస్తకాన్ని తెలుగు చేసే పని నాకు అప్పగించారు. అందులో ఒకచోట ఈ అర్థం వచ్చే మాటలున్నాయి: అమెరికా అంతరిక్ష నౌకలోని రాడార్ అరేబియా ఇసుక కింద దాగిన ఇరమ్ నగరాన్ని ఫోటో తీసింది, కనుక దివ్య ఖుర్ఆన్ చెప్పినది నిజమని నేటి సైన్సు ఒప్పుకోక తప్పలేదు. నేను ఆ వాక్యాన్ని ఉత్సాహంగా తెలుగు చేశాను. ఎక్కడిది ఈ వార్త, ఎవరు చెప్పారు అని ఎవరినీ అడగలేదు.

పుస్తకం వెలువడిన తరువాత ఒక జుమా నాడు, నమాజు అయిపోయాక, ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడు ఒకడు ఆ పేజీ తెరిచి పట్టుకుని వచ్చాడు. "మౌల్వీ సాబ్, రేపు వాళ్లే వచ్చి అది ఇరమ్ కాదంటే మనం ఏం చేయాలి? ఆయత్‌ను పక్కన పెట్టాలా?" అని అడిగాడు. అతని ప్రశ్నలో వ్యంగ్యం లేదు. నిజంగానే భయపడి అడిగాడు. ఆనాడు నా దగ్గర సమాధానం లేదు. ఏదో సర్ది చెప్పి పంపించాను. ఈ వ్యాసం అతనికి నేను బాకీ పడిన సమాధానం.

రాడార్ ఏమి చూస్తుంది?

ముందుగా ఆ యంత్రం సంగతి తెలుసుకోవాలి. మామూలు కెమెరా సూర్యుని వెలుగుపై ఆధారపడుతుంది. రాడార్ అలా కాదు. విమానం నుంచో, అంతరిక్ష నౌక నుంచో తానే సూక్ష్మతరంగాలను నేలమీదకు పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. కనుక దానికి రాత్రి పగలు తేడా లేదు. మేఘాలు అడ్డం కావు. విమానం ముందుకు సాగుతున్న కొద్దీ వేర్వేరు చోట్ల అందుకున్న ప్రతిధ్వనులన్నింటినీ లెక్కగట్టి కలిపితే, చాలా పెద్ద యాంటెనాతో చూసినంత స్పష్టమైన చిత్రం వస్తుంది.

ఆ చిత్రంలో కనిపించేది నలుపూ తెలుపే. నున్నని నేల తరంగాలను పక్కకు జార్చివేస్తుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. గరుకు రాళ్లు, నిలువు గోడల మూలలు తరంగాలను వచ్చిన దారినే వెనక్కు పంపుతాయి కాబట్టి తెల్లగా మెరుస్తాయి. నేలలోని తేమ కూడా ఈ తేడాను మారుస్తుంది. తరంగం పొడవు ఇరవై సెంటీమీటర్లకు పైబడినప్పుడు, ఇసుక పూర్తిగా ఎండి ఉంటే, అది పైపొరను దాటి కొంత లోతుకు వెళ్లి అక్కడి రాతిని తాకి తిరిగి వస్తుంది. ఇసుకలో కొంచెం తడి ఉన్నా ఈ ప్రయోజనం పోతుంది.

ఒక విషయం ఇక్కడే గుర్తుంచుకోవాలి. రాడార్ ఒక గీతను చూపగలదు. ఆ గీత వాగా, కాలువా, బాటా అన్నది అది చెప్పదు. దాన్ని ఎవరు వేశారో, ఆ ఊరి పేరేమిటో అసలే చెప్పదు.

మూడు అనుభవాలు

ఈ మాట గాలిలో చెప్పినది కాదు. ఇరమ్ వార్త పుట్టకముందూ పుట్టిన తరువాతా రాడార్‌తో మానవ సంచారాన్ని వెతికిన మూడు సందర్భాలు దీన్ని రుజువు చేస్తాయి.

మొదటిది సహారా. 1981 నవంబరులో కొలంబియా అంతరిక్ష నౌక రెండవ యాత్రలో ఒక చిత్రణ రాడార్‌ను తీసుకువెళ్లారు. ఈ పరిశోధనకు నాయకత్వం వహించినవారు లెబనాన్‌లో పుట్టిన చార్లెస్ ఎలాచీ. ఈజిప్టు నైరుతి భాగం, సూడాన్ వాయవ్య భాగం మీదుగా సాగే సెలీమా ఇసుక మైదానం కంటికి చదునుగా కనిపిస్తుంది. రాడార్ చిత్రంలో మాత్రం ఆ ఇసుక కింద పూర్వపు నదీలోయలు కనిపించాయి. వాటిలో కొన్ని నైలు నదీలోయంత వెడల్పైనవి. 1982లో మెకాలే బృందం ఈ విషయాన్ని సైన్స్ పత్రికలో ప్రకటించింది. అయితే వారు చిత్రం చూసి ఊరుకోలేదు. ఎడారికి వెళ్లి గుంటలు తవ్వి, ఇసుక లోతు కొలిచి, కింద నది మోసుకొచ్చిన గులకరాళ్లు ఉన్నాయని నిర్ధారించుకున్నారు. ఆ ప్రాంతంలోనే లక్షల సంవత్సరాల నాటి రాతి చేతిగొడ్డళ్లు దొరికాయి. నీరు పారిన చోట మనిషి తిరిగాడని అప్పుడు తెలిసింది. నదిని రాడార్ చూపింది. మనిషిని చూపినది తవ్వకం.

రెండవది మధ్య అమెరికాలోని మాయా ప్రజల దేశం. అక్కడ దట్టమైన అడవి కప్పిన చిత్తడి నేలల మీద 1970ల చివర, 1980లో విమానం నుంచి రాడార్ చిత్రాలు తీశారు. వాటిలో అల్లికలా కనిపించిన గీతలను చూసి, ఇవి పురాతన మాయా రైతుల కాలువలని, విస్తారమైన నీటిపారుదల ఉండేదని ఆడమ్స్, బ్రౌన్, కల్బర్ట్ అనే ముగ్గురు పరిశోధకులు 1981లో రాశారు. అంతమంది జనం అడవిలో ఎలా బతికారన్న పాత చిక్కుముడి విడిపోయిందని చాలామంది సంతోషించారు. కాని 1989లో పోప్, డాలిన్ అనే మరి ఇద్దరు ఆ గీతలను మళ్లీ పరీక్షించారు. అటువంటి సన్నని కాలువలను విడదీసి చూపేంత సూక్ష్మత ఆ రాడార్‌కు లేదని, గీతల్లో చాలా భాగం చిత్రంలోని దోషమేనని వాదించారు. మాయా రైతులు కొన్నిచోట్ల కాలువలు తవ్విన మాట నిజమే, అవి నేలమీద దొరికాయి. కాని ఆకాశం నుంచి కనిపించిన ప్రతి గీతా కాలువ కాదు. జవాబు కోసం ఆత్రంగా చూసే కంటికి మచ్చ కూడా కాలువలాగే కనిపిస్తుంది.

మూడవది కంబోడియాలోని అంగ్‌కోర్. 1994లో అంతరిక్ష నౌక నుంచి, 1996 డిసెంబరులో విమానం నుంచి, మళ్లీ 2000లో విమానం నుంచి అక్కడ రాడార్ చిత్రాలు తీశారు. వరిపొలాల మధ్య పాత గట్లు, పూడిపోయిన చెరువులు, ఆలయాల చుట్టూ ఉండే కందకాలు తేమలోని తేడాల వల్ల బయటపడ్డాయి. పరిశోధకులు ఆ చిత్రాలను పట్టుకుని ఏళ్ల తరబడి పొలాల వెంట తిరిగి, ఒక్కొక్క గుర్తునూ నేలమీద సరిచూశారు. 2007లో వెలువడిన వారి పటంలో అంగ్‌కోర్ సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న జనావాసంగా తేలింది. అంతకుముందు లెక్కకెక్కని చెరువులు వెయ్యికి పైగా, ఆలయాల ఆనవాళ్లు డెబ్బయికి పైగా అందులో చేరాయి. ఈ పటం నిలబడింది. కారణం యంత్రం గొప్పది కావడం ఒక్కటే కాదు, మనుషులు నడిచి చూశారు.

ఒమాన్ ఎడారిలో

ఇక మన విషయానికి వద్దాం. దక్షిణ అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో ఇసుక కింద ఒక నగరం పూడిపోయిందని, దాని పేరు ఉబార్ లేదా వబార్ అని బదూల నోట చాలాకాలంగా ఒక కథ ఉంది. మస్కట్ సుల్తాన్ కొలువులో వజీరుగా ఉన్న ఆంగ్లేయుడు బెర్‌ట్రామ్ థామస్ 1930–31లో ఆ ఎడారిని దాటుతుండగా, దారి చూపే బదూలు ఇసుక దిబ్బల్లోకి పోయే కొన్ని పాత బాటలను చూపి, ఇదే ఉబార్‌కు దారి అన్నారు. ఆ దారి వెంట వెళ్లడానికి ఆయనకు వీలు కాలేదు.

మరుసటి ఏడాది, 1930లో ఇస్లాం స్వీకరించి అబ్దుల్లాహ్ అని పేరు పెట్టుకున్న ఫిల్బీ, ఉత్తరం నుంచి వెళ్లి వబార్ కోసం వెతికాడు. శిథిలమైన కోటలున్నాయని విని వెళ్లిన ఆయనకు ఇసుకలో పెద్ద గుంటలు, నల్లని గాజు ముక్కలు, ఇనుప తునకలు కనిపించాయి. మొదట అగ్నిపర్వతం నోళ్లనుకున్నాడు. తరువాత పరీక్షిస్తే అవి ఉల్క పడిన గుంటలని తేలింది. పేరు ఒకటి, చోటు మరొకటి కావడం ఈ కథలో కొత్త కాదు.

1980లలో నికొలస్ క్లాప్ అనే అమెరికన్ చలనచిత్రకారుడు థామస్ పుస్తకం చదివి, అంతరిక్ష రాడార్ శాస్త్రజ్ఞులను ఆశ్రయించాడు. 1984 అక్టోబరులో ఛాలెంజర్ నౌక ఆ ప్రాంతం మీదుగా పోతూ రాడార్ చిత్రాలు తీసింది. వాటితోపాటు లాండ్‌శాట్, స్పాట్ ఉపగ్రహాల చిత్రాలను రొనాల్డ్ బ్లోమ్ మొదలైనవారు పరిశీలించారు. పురాతన ఒంటె బిడారుల బాటలు, కొన్నిచోట్ల ఎత్తైన ఇసుక దిబ్బల కిందుగా పోయేవి కూడా, వాటిలో కనిపించాయి. ఈ బాటలను ఎక్కువ స్పష్టంగా చూపినవి ఉపగ్రహాలు తీసిన కాంతి, పరారుణ చిత్రాలే. రాడార్ ఒక సహాయం మాత్రమే. నగరం మాత్రం ఏ చిత్రంలోనూ కనిపించలేదు.

బాటలు కలిసే చోట్లలో ఒకటి షిస్ర్. ఇది సలాలా పట్టణానికి ఉత్తరాన సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న నీటి బుగ్గ. ఇదేమీ అజ్ఞాత స్థలం కాదు. బదూలు తరతరాలుగా అక్కడ ఒంటెలకు నీళ్లు పెట్టేవారు. అక్కడి పాడుబడిన చిన్న కోటను థామస్ కూడా చూశాడు. జూరిస్ జారిన్స్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో అక్కడ తవ్వితే, బురుజులున్న ప్రాకారం, గదులు, దూరదేశాల కుండపెంకులు బయటపడ్డాయి. కోటలో కొంత భాగం కిందనున్న సున్నపురాతి గుహ కప్పు కూలడంతో గోతిలోకి దిగిపోయింది. 1992 ఫిబ్రవరిలో ఉబార్ దొరికిందని ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. అక్కడి నుంచి ఆ వార్త ఉర్దూ పత్రికలకు, ఉర్దూ నుంచి నా కలం మీదుగా తెలుగుకు వచ్చింది.

మూడు మెట్లు

ఆ వార్తలో నిజానికి మూడు వేర్వేరు వాదాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మొదటిది: షిస్ర్ ప్రాచీన వర్తక మార్గంలో ఒక మజిలీ. రెండవది: ఆ షిస్రే ఉబార్. మూడవది: ఆ ఉబారే ఖుర్ఆన్ పేర్కొన్న ఇరమ్.

మొదటి వాదానికి సాక్ష్యం ఉంది. జుఫార్ కొండల వెనుక పెరిగే చెట్ల నుంచి కారే సుగంధ ద్రవ్యాన్ని అరబ్బులు లుబాన్ అంటారు. మన ఇళ్లలో పొగవేసే లోబాన్ పేరు ఈ మాట నుంచే వచ్చింది. ఆ సరుకు ఒంటెల మీద ఉత్తరానికి పోయేది. ఎడారి అంచున నీరు దొరికే షిస్ర్ వంటి చోట బిడారులు ఆగకుండా పోలేవు. 2000లో యునెస్కో ఒమాన్ లుబాన్ భూమిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు షిస్ర్‌ను కూడా అందులో కలిపింది.

రెండవ వాదం బలహీనం. ఉబార్ అన్నది ఒక పట్టణం పేరు కాదు, ఒక ప్రాంతానికీ అక్కడి ప్రజలకూ చెందిన పేరు అని 1996లో స్వయంగా జారిన్స్‌యే చెప్పారు. 2004లో ఎడ్జెల్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మరింత ముందుకు వెళ్లి, షిస్ర్ మహానగరం కాజాలదని, చిన్న మజిలీ మాత్రమేనని రాశారు.

మూడవ వాదానికి తవ్వకంలో ఆధారమే లేదు. ఇరమ్ అన్న పేరుగల శాసనం ఏదీ షిస్ర్‌లో బయటపడలేదు. పైగా ఆ పేరు జోర్డాన్ దక్షిణాన వాదీ రమ్‌లోని అల్లాత్ గుడి దగ్గర నబతీ శాసనాల్లో కనిపిస్తుంది. అంటే పేరు ఒకచోట, శిథిలాలు వేరొకచోట. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. హజ్రత్ హూద్ (అ) మాట వినని ఆద్ జాతి ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్లు వీచిన భీకరమైన గాలికి నశించిందని సూరా అల్‌హాఖ్ఖా తెలుపుతోంది. షిస్ర్ కోట గుహ కప్పు కూలి కుంగింది. ఖుర్ఆన్‌కు రుజువు దొరికిందని సంబరపడినవారు ఖుర్ఆన్ ఏమి చెప్పిందో ఒకసారి తెరిచి చూడలేదు. నేనూ చూడలేదు. ఆ సూరా నాకు చిన్ననాటి నుంచి కంఠస్థం, అయినా చూడలేదు.

ఇబ్నె ఖల్దూన్ హెచ్చరిక

ఈ తొందరపాటు మన కాలానిది కాదు. ఆరువందల ఏళ్లకు పూర్వమే ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన ముఖద్దిమా ఆరంభంలో, చరిత్రకారులు, ముఫస్సిర్లు చేసే పొరపాట్లకు ఉదాహరణగా సరిగ్గా ఇరమ్ కథనే తీసుకున్నారు. ఆద్ కుమారుడు షద్దాద్ స్వర్గం గురించి విని, దానికి పోటీగా అదన్ ఎడారిలో మూడువందల ఏళ్లపాటు వెండి బంగారాల నగరం కట్టించాడని, దానిలో అడుగుపెట్టకముందే ఆకాశం నుంచి వచ్చిన అరుపుకు అందరూ చచ్చిపోయారని తఫ్సీర్లలో ఒక కథ ఉంది. హజ్రత్ ముఆవియా కాలంలో ఇబ్నె ఖిలాబా అనే వ్యక్తి తప్పిపోయిన ఒంటెలను వెతుకుతూ ఆ నగరం చేరాడన్నది దానికి కొనసాగింపు. తబరీ, సఅలబీ, జమఖ్షరీ వంటి పెద్దలు కూడా ఈ కథను ఎత్తి రాశారు.

ఇబ్నె ఖల్దూన్ ప్రశ్న సూటిగా ఉంటుంది. యెమెన్ నడుమనున్న ఆ ఎడారిలో జనం ఎప్పుడూ నివసిస్తూనే ఉన్నారు. బాటసారులు, దారి చూపేవారు దాన్ని అన్ని దిక్కులా తిరిగారు. మరి ఆ నగరం జాడ ఒక్కరూ ఎందుకు చెప్పలేదు? పైగా కొందరు అది డమాస్కస్ అన్నారు, మరికొందరు అది మాంత్రికులకు తప్ప మామూలు కళ్లకు కనిపించదన్నారు. ఇవన్నీ కట్టుకథలను పోలినవని ఆయన తేల్చారు. ఇదంతా ఒక మాటను పొరపాటుగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చిందని కూడా చూపారు. సూరా అల్‌ఫజ్ర్‌లోని ఇమాద్ అన్న మాటను రాతి స్తంభాలు అని తీసుకున్నవారు ఇరమ్‌ను భవనంగా ఊహించారు. ఆ మాటకు డేరా గుంజలు అన్న అర్థమూ ఉంది. అలా తీసుకుంటే ఇరమ్ ఒక జాతి అవుతుంది, నగరం కానక్కరలేదు.

ముఫస్సిర్లలో ఈ మాటకు ఎత్తైన స్తంభాలన్నవారున్నారు, డేరా గుంజలన్నవారున్నారు, పొడవైన దేహాలన్నవారూ ఉన్నారు. ఇరమ్ ఒక తెగ అన్నవారు, ఒక పూర్వీకుని పేరన్నవారు, ఊరు అన్నవారూ ఉన్నారు. మదర్సాలో ఉస్తాద్ ఈ అభిప్రాయాలన్నింటినీ వరుసగా చెప్పి, చివరకు అసలు సంగతి అల్లాహ్‌కే తెలుసు అని ముగించేవారు. ఆ ముగింపు అజ్ఞానానికి ముసుగని విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు అనుకున్నాను. తెలిసిన హద్దు దగ్గర ఆగడం కూడా పాండిత్యంలో భాగమని ఇప్పుడు అనుకుంటున్నాను.

అనువాదకుని బాధ్యత

హదీసు విద్య చదివినవారికి ఒక అలవాటు ఉంటుంది. మాట ఎంత ఇంపుగా ఉన్నా, దాన్ని ఎవరు ఎవరి నుంచి విన్నారు, మధ్యలో గొలుసు ఎక్కడ తెగింది అని అడుగుతారు. నా పుస్తకంలోని ఆ వాక్యానికి ఇదే పరీక్ష పెడితే గొలుసు వెంటనే తెగుతుంది. బాటను చూపిన చిత్రం, కోటను చూపిన తవ్వకం, పేరు పెట్టిన పత్రిక, ఆయత్‌తో ముడివేసిన ఉర్దూ రచయిత, ప్రశ్నించకుండా తెలుగు చేసిన నేను. చివరి రెండు కొక్కేలకూ ముందున్న వాటికీ సంబంధమే లేదు. ఎవరో తెచ్చిన వార్తను విచారించుకోమని ఆదేశించే గ్రంథానికి సేవ చేస్తున్నామనుకుంటూ, విచారించని వార్తను దానికే అంటగట్టాం.

దీనివల్ల రెండు విధాల నష్టం జరిగింది. లుబాన్ మోసిన బిడారుల కథ, ఎడారి అంచున ఒక నీటి బుగ్గను నమ్ముకుని మనుషులు కోట కట్టుకున్న కథ, తనంతట తాను ఎంతో విలువైనది. ఇరమ్ అన్న పేరు తగిలించడంతో ఆ మనుషులు మనకు కనిపించకుండా పోయారు. రెండవది, ఒక కుర్రవాని ఈమాన్‌ను రాబోయే పురావస్తు నివేదికకు కట్టివేశాం.

ఇప్పుడు అతను నా ఎదుటికి వస్తే ఇలా చెబుతాను. బాబూ, ఆ ఆయత్ ఒక జాతి గర్వాన్నీ, దాని అంతాన్నీ గుర్తుచేస్తుంది. షిస్ర్ ఇరమ్ అయినా కాకపోయినా ఆ హెచ్చరికలో మార్పు లేదు. అది ఇరమ్ కాదని వాళ్లు అంటే, కాదనే మాటను తీసేస్తాం. తీసేయవలసింది నేను రాసిన వాక్యాన్ని, ఆయత్‌ను కాదు. భూమిలో సంచరించి పూర్వజాతుల గతి ఏమైందో చూడమని ఖుర్ఆన్ పలుచోట్ల పిలుపునిస్తుంది. సహారాలో గుంటలు తవ్వినవారు, అంగ్‌కోర్ గట్ల వెంట నడిచినవారు తమ శాస్త్రం కోసం చేసింది అటువంటి పనే. ఆకాశం నుంచి చూసినదాన్ని నేలకు దిగి సరిచూసుకున్నారు. మనం దాన్ని మన గ్రంథాల విషయంలోనూ చేయవలసి ఉంది.

ఆ పుస్తకం మరోసారి అచ్చుకు వెళ్లే ముందు ప్రకాశకులు నన్ను అడిగారు. ఇరమ్ ఉన్న పేజీలో ఫోటో వాక్యాన్ని తొలగించి, ఇమాద్ అన్న మాటకు ముఫస్సిర్లు చెప్పిన అర్థాలను మూడు పంక్తుల్లో ఇచ్చాను. పేజీ కొంచెం చప్పగా ఉందని ఒకరన్నారు. ఉండనివ్వండి అన్నాను.